చాటింపు, కబురు, పిలుపు: ఫుడ్ ట్రక్కుల ఈమెయిల్ ప్రకటనలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ఒకచోట నిలవని దుకాణం తన రాకను తినేవారికి ఎలా తెలియజేయాలి? ఈ ప్రశ్నకు నేటి వ్యాపారబోధన ఇచ్చే సమాధానాల్లో ఈమెయిల్ ఒకటి. అమెరికాలోని, ముఖ్యంగా లాస్ ఏంజెలెస్‌లోని ఫుడ్ ట్రక్కుల అనుభవాన్ని ఆధారం చేసుకొని, ఈమెయిల్ ప్రకటనను ఒక వాచకంగా ఈ వ్యాసం విమర్శిస్తుంది. వాక్యార్థజ్ఞానానికి హేతువులుగా తర్కశాస్త్రం చెప్పిన ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడింటిని కొలమానాలుగా స్వీకరిస్తుంది. స్థిరమైన దుకాణం కోసం ఏర్పడిన ప్రకటనసూత్రాలను కదిలే దుకాణానికి యథాతథంగా అన్వయించడం వల్ల సన్నిధి లోపిస్తున్నదని చూపి, ఫుడ్ ట్రక్కు ఈమెయిల్ కబురుగా ఉన్నప్పుడే దానికి ఔచిత్యం సిద్ధిస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఫుడ్ ట్రక్కు, ఈమెయిల్ ప్రకటన, ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి, సమ్మతి, వీధి వ్యాపారం.

1. ఉపోద్ఘాతం

పత్రికాప్రకటన, గోడరాత, రేడియో ప్రకటన, టెలివిజన్ ప్రకటన - ఇవి భాషాపరిశీలనకు అలవాటైన వస్తువులు. వీటన్నిటిలోనూ చదువరి లేదా శ్రోత ఎవరో ప్రకటనకర్తకు తెలియదు. ఈమెయిల్ ప్రకటన స్వభావం వేరు. అది ఉత్తరం రూపంలో వస్తుంది, పేరుపెట్టి పలకరిస్తుంది, సొంత ఉత్తరాల నడుమ కూర్చుంటుంది. అదే సమయంలో వేలమందికి ఒకే మాటగా వెళ్తుంది. ఉత్తరపు రూపానికీ ప్రకటన ప్రయోజనానికీ మధ్యనున్న ఈ వైరుధ్యమే దానిని విమర్శకు యోగ్యమైన వాచకంగా నిలబెడుతున్నది.

తెలుగులో ఒక వార్తను పదిమందికి చేర్చే పద్ధతులకు మూడు వేర్వేరు మాటలున్నాయి. ఊరంతటికీ డప్పు కొట్టి చెప్పేది చాటింపు. తెలియవలసిన మనిషికి అవసరమైన సంగతిని చేరవేసేది కబురు. ఇంటికి వెళ్లి, బొట్టు పెట్టి, రమ్మని అడిగేది పిలుపు. చాటింపులో వినేవారి ఇష్టాయిష్టాలతో పని లేదు. పిలుపులో చుట్టరికమో స్నేహమో ముందే ఉండాలి. కబురుకు ఆ రెండూ అక్కరలేదు. ఎదురుచూసే మనిషి, చేరవలసిన వేళ ఉంటే చాలు. ఫుడ్ ట్రక్కులు పంపే ఈమెయిళ్లలో అనేకం చాటింపుగా పుట్టి పిలుపుగా నటిస్తాయన్నది ఈ వ్యాసం చేసే ప్రధానమైన ఆక్షేపణ.

2. కదిలే దుకాణం: చారిత్రక నేపథ్యం

అమెరికాలో చక్రాల మీది భోజనశాల కొత్తది కాదు. 1872లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో వాల్టర్ స్కాట్ అనే వ్యక్తి గుర్రపుబండిలో రాత్రిపూట తినుబండారాలు అమ్మడం మొదలుపెట్టాడు. పత్రికా కార్యాలయం ముందు బండి నిలిపేవాడు. ఆ వేళకు పనిచేసేవారు అక్కడ ఉంటారని అతనికి తెలుసు. బండి అక్కడ ఉంటుందని వారికీ తెలుసు. కనుక ప్రకటన అవసరం కలగలేదు. లాస్ ఏంజెలెస్‌లో 1974లో రౌల్ మార్టినెజ్ ఒక పాత ఐస్‌క్రీమ్ బండిని టాకోలు అమ్మే వాహనంగా మార్చాడు. 'కింగ్ టాకో' వ్యాపారం అక్కడి నుంచే పెరిగింది. కార్మికులు పనిచేసే చోట్లకు, వలస కుటుంబాలు నివసించే వీధులకు వెళ్లే ఇటువంటి బండ్లను అక్కడ 'లొంచెరా' అంటారు. రోజూ అదే మూల, అదే వేళ. ఆ మూలే వాటి ప్రకటన.

2008లో ఈ స్థితి మారింది. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ కౌంటీ పాలకమండలి, నగరపరిధి బయటి ప్రాంతాల్లో టాకో బండి ఒకేచోట గంటకు మించి నిలిస్తే వెయ్యి డాలర్ల వరకు జరిమానా, జైలుశిక్ష కూడా పడగల నేరంగా నిర్ణయించింది. అదే ఏడాది ఆగస్టులో న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టివేసింది. అదే సంవత్సరం చివర మార్క్ మంగ్వేరా, వంటమాస్టరు రాయ్ చోయ్ తదితరులు కొరియా పద్ధతిలో వండిన మాంసాన్ని మెక్సికన్ టాకోలో పెట్టి అమ్మే 'కోగి' ట్రక్కును మొదలుపెట్టారు. ఆ రాత్రి బండి ఏ వీధిలో ఉంటుందో ట్విట్టర్‌లో చెప్పేవారు. జనం అక్కడికి వెళ్లి బారులు తీరేవారు.

ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. లొంచెరాకు కదలిక చట్టం వైపునుంచి వచ్చిన బెదిరింపు. కోగికి అదే కదలిక ఆకర్షణ. ఒకే నగరంలో, ఒకే ఏడాదిలో, ఒకే రకం వాహనానికి కదలిక రెండు అర్థాలిచ్చింది. ఈ భేదానికి మూలం వంటలో లేదు. రాకను ముందుగా చెప్పగల సాధనం, ఆ సాధనాన్ని చూసే తీరిక, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్న చదువరివర్గం కోగికి దొరికాయి. ఈమెయిల్ జాబితా గురించి ఆ తరువాత వచ్చిన వ్యాపారబోధన అంతా ఈ రెండో రకం ట్రక్కును మాత్రమే దృష్టిలో పెట్టుకొని మాట్లాడుతుంది. జాబితా అనేది స్థలానికి బదులుగా వచ్చినది. స్థలం ఉన్నవాడికి దాని అవసరం తక్కువ. ఈ పరిమితిని గుర్తించకుండా 'ప్రతి ఫుడ్ ట్రక్కుకూ ఈమెయిల్ జాబితా కావాలి' అనడం అతివ్యాప్తి దోషం.

3. సిద్ధాంతభూమిక

పదిహేడవ శతాబ్దికి చెందిన, ఆంధ్రదేశీయుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో వాక్యార్థజ్ఞానానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి హేతువులని చెప్పాడు. ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరుసగా పలికితే ఏ పదమూ మరొకదానిని కోరదు కనుక వాక్యం కాదు. అర్థాల మధ్య బాధ లేకపోవడం యోగ్యత. నిప్పుతో తడపమంటే అది కుదరదు. పదాలను ఆలస్యం లేకుండా పలకడం సన్నిధి; ఒక్కొక్క పదాన్ని జాముకొకటి చొప్పున పలికితే వినేవాడికి అర్థం కలగదు.

శాస్త్రంలో ఈ మూడూ వాక్యంలోని పదాలకు సంబంధించినవి. ప్రకటనకూ చదువరికీ మధ్యనున్న సంబంధానికి వాటిని ఇక్కడ విస్తరించడం జరుగుతున్నది. చదువరి ఆ సందేశాన్ని కోరాడా అన్నది ఆకాంక్ష. అందులో చెప్పినది ఆ వ్యాపారంతో పొసగుతుందా అన్నది యోగ్యత. చెప్పిన వేళకూ చదివే వేళకూ, బండి ఉన్న చోటుకూ చదువరి ఉన్న చోటుకూ మధ్య దూరం ఎంత అన్నది సన్నిధి. ఈ విస్తరణ లాక్షణికమే అయినా నిరాధారం కాదు. మధ్యాహ్నం పన్నెండుకు పంపిన మాటను మూడుకు చదివితే, జాము తేడాతో పలికిన పదం లాగానే అది నిష్ఫలమవుతుంది.

ఈ కొలమానాల అవసరాన్ని ఆధునిక వ్యాపారశాస్త్రం నుంచే నిరూపించవచ్చు. సేత్ గోడిన్ 1999లో ప్రచురించిన 'పర్మిషన్ మార్కెటింగ్' గ్రంథం, మంచి ప్రకటన ఎదురుచూడబడేదిగా, వ్యక్తిగతంగా, సందర్భోచితంగా ఉండాలని వాదించింది. ఎదురుచూడబడటం ఆకాంక్షకు, సందర్భోచితత్వం యోగ్యతకు దగ్గరగా ఉన్నాయి. మూడోది మాత్రం కలవదు. ఆయన చెప్పినది వ్యక్తిగతత్వం. తర్కసంగ్రహం చెప్పినది సన్నిధి. పుస్తకాలు, చందాలు, విమానం టికెట్లు అమ్మేవారికి చదువరి ఎక్కడున్నాడన్నది పెద్ద ప్రశ్న కాదు కనుక, అతని పేరు, అభిరుచి తెలిస్తే సరిపోతుంది. వేడి టాకో అమ్మేవారికి చదువరి పేరు తెలియకపోయినా నష్టం లేదు. అతను ఆ పూట పది నిమిషాల నడక దూరంలో ఉన్నాడా లేదా అన్నదే ముఖ్యం. ప్రకటన సిద్ధాంతం వ్యక్తిగతత్వాన్ని కూర్చోబెట్టిన పీట మీద ఫుడ్ ట్రక్కు విషయంలో సన్నిధిని కూర్చోబెట్టవలసి ఉంటుంది.

4. సబ్జెక్టు లైను: రెండు నమూనాల పరిశీలన

పరిశీలన కోసం రెండు నమూనాలను ఇక్కడ కల్పించుకుందాం. మొదటిది: 'ప్రియమైన లక్ష్మీ, ఈ వారం మీకోసం ఒక అద్భుతం వేచి ఉంది!' రెండవది: 'గురువారం 11:30 నుంచి 2:00 వరకు, గ్రంథాలయం ఎదుట. గోంగూర మటన్ ఉంది, 80 ప్లేట్లు.'

మొదటి వాక్యంలో పేరుంది, ఉత్సాహముంది, ఆశ్చర్యార్థకముంది. లేనిది సమాచారం. 'అద్భుతం' ఏమిటన్న కుతూహలాన్ని రేపి, ఉత్తరం తెరిపించడం దాని లక్ష్యం. అది కృత్రిమంగా కల్పించిన ఆకాంక్ష. ఉత్తరం తెరిచాక ఆ కుతూహలం తీరకపోతే చదువరి మరొకసారి తెరవడు. రెండవ వాక్యంలో క్రియాపదాలు తక్కువ, విశేషణాలు అసలే లేవు. కాని వేళ, చోటు, వంట, పరిమాణం నాలుగూ ఉన్నాయి. ఉత్తరం తెరవకుండానే దాని పని పూర్తవుతుంది. 80 ప్లేట్లన్న మాట తొందరపెట్టడానికి వాడిన ఎత్తుగడ కూడా కావచ్చు. నిజంగా 80 మాత్రమే వండితే అది ఎత్తుగడ కాదు, మర్యాద. ఆలస్యంగా వచ్చి ఖాళీ గిన్నె చూసే శ్రమను అది తప్పిస్తుంది.

ఇక్కడ ఒక విచిత్రమైన పరిణామం ఉంది. ఈమెయిల్ సేవాసంస్థలు ఎంతమంది ఉత్తరం తెరిచారో లెక్కగట్టి చూపుతాయి. ఉత్తరంలో దాచిన సూక్ష్మచిత్రం దిగుమతి అయినప్పుడు తెరిచినట్లు నమోదవుతుంది. ఈ కొలత ప్రకారం రెండవ నమూనా విఫలం: సబ్జెక్టు లైను చూసి నేరుగా బండి దగ్గరకు వచ్చినవాడు 'తెరవనివాడు' అవుతాడు. మొదటి నమూనా సఫలం: తెరిచి, విసుక్కొని, మూసినవాడు 'ఆసక్తి చూపినవాడు' అవుతాడు. 2021 సెప్టెంబరులో ఆపిల్ సంస్థ తన మెయిల్‌లో గోప్యతారక్షణ ప్రవేశపెట్టి, చదువరి తెరిచినా తెరవకున్నా చిత్రాలను ముందే దిగుమతి చేసే ఏర్పాటు చేసిన తరువాత ఈ కొలత మరింత నమ్మరానిదైంది. అయినా సబ్జెక్టు లైను రచనను నేర్పే పాఠాలు ఆ కొలత చుట్టూనే తిరుగుతున్నాయి. కొలిచే పద్ధతి రచనాపద్ధతిని శాసించడం ఇక్కడ స్పష్టం.

5. ఆకాంక్ష: అడిగి పంపడం, అడగకుండా పంపడం

1978 మే నెలలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్, అర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకే వ్యాపారసందేశం పంపాడు. కోరకుండా వచ్చిన తొలి సామూహిక ఈమెయిల్‌గా దానిని చెప్పుకుంటారు. ఆ సందేశంలో ఉన్నది కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు ఆహ్వానం. అది జరిగే చోట్లు లాస్ ఏంజెలెస్, శాన్ మాటియో. పడమటి తీరంలో ఉన్నవారికే దానిని పంపాడు. అంటే చోటు ఉంది, వేళ ఉంది, చదువరులు దగ్గరలోనే ఉన్నారు. సన్నిధి, యోగ్యత రెండూ సమకూరినా ఆకాంక్ష లేదు. వారెవరూ దానిని అడగలేదు. దాని మీద వచ్చిన నిరసన ఆ లోపం గురించే. మూడు హేతువుల్లో ఒకటి లోపించినా తక్కిన రెండూ దాని లోటు పూరించలేవనడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

2004 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన అమెరికా క్యాన్-స్పామ్ చట్టం ముందస్తు సమ్మతిని కోరదు. సబ్జెక్టు లైను మోసపుచ్చరాదని, వద్దనే వీలు కల్పించాలని, వద్దన్నవారికి పది పనిదినాల్లోగా ఆపాలని చెబుతుంది. అంటే చట్టం దృష్టిలో మౌనం అంగీకారమే. 2018 మే నుంచి అమలైన ఐరోపా సమాఖ్య సమాచార రక్షణ నిబంధనలు సమ్మతిని ఆధారం చేసుకున్నచోట మౌనాన్ని సమ్మతిగా అంగీకరించవు. భారత పార్లమెంటు 2023లో ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం కూడా సమ్మతిని వెనక్కి తీసుకోవడం, దానిని ఇచ్చినంత సులభంగా ఉండాలి.

ఫుడ్ ట్రక్కు కిటికీ దగ్గర ఈ ప్రశ్న మరింత సున్నితమైనది. ఆకలితో వరుసలో నిలబడ్డ మనిషి చెల్లింపు కోసం తెరమీద ఈమెయిల్ చిరునామా ఇస్తాడు. అతడు కోరినది రసీదు. ఆ చిరునామాను ప్రకటనల జాబితాలో చేర్చడం ఒక ఆకాంక్షను మరొకదానిగా మార్చి చదవడమే. అదే కిటికీ పక్కన కాగితం అంటించి, 'బండి ఎక్కడుంటుందో వారానికొకసారి తెలియజేస్తాం. కావలసినవారు చిరునామా రాయండి' అని ఉంచితే సమ్మతి ఏ సంగతికి, ఎన్నిసార్లు, ఎందుకు అన్నవి మూడూ తేలిపోతాయి. ఆ జాబితా చిన్నదవుతుంది. కాని అందులోని ప్రతి పేరూ ఎదురుచూసే మనిషిది.

6. సన్నిధి: వేళ, చోటు

ఈమెయిల్ వెంటనే చేరుతుంది, వెంటనే చదవబడదు. ఈ స్వభావాన్ని గుర్తించని ప్రకటనకర్త దానిని కేకలా వాడతాడు. వీధిలో అమ్మేవారి కేకకు విలువ దాని తక్షణతలో ఉంది: వినిపించిన క్షణంలో అమ్మేవాడు గుమ్మం ముందే ఉంటాడు. మాట, మనిషి, వస్తువు ఒకేచోట ఉండే ఆ స్థితి సంపూర్ణ సన్నిధి. 'ఇప్పుడే ఫలానా వీధిలో ఉన్నాం' అని ఈమెయిల్ పంపడం కేకను సీసాలో పెట్టి తపాలాలో వేసినట్లు. సీసా మూత తీసే వేళకు బండి వెళ్లిపోయి ఉంటుంది.

కనుక ఈమెయిల్‌కు తగిన ప్రక్రియ వారపు పట్టిక. ఏ రోజు ఏ చోట అన్నది ముందుగా చెబితే చదువరి ఆలస్యంగా చూసినా నష్టం లేదు. ఆ రోజు వాన పడినా, ఇంజను మొరాయించినా, నిలిపే చోటు దొరకకపోయినా ఆ మార్పును చెప్పడానికి ఎస్‌ఎంఎస్సో సామాజిక మాధ్యమమో తగినది. కోగి ట్విట్టర్‌ను ఎంచుకోవడంలోని వివేకం ఇదే. ఒకే సాధనంతో రెండు పనులూ చేయబోయిన చోట రెండూ చెడతాయి. పట్టికలో తప్పు ఒకసారి దొర్లినా, మధ్యాహ్న భోజనవిరామం అరగంటే ఉన్న ఉద్యోగి ఆ అరగంటను ఖాళీ వీధిలో పోగొట్టుకుంటాడు. స్థిరమైన హోటలు ప్రకటనలో అతిశయోక్తి ఉంటే నష్టం రుచికే పరిమితం. ట్రక్కు ప్రకటనలో తప్పుంటే పూట తిండే పోతుంది.

చోటు విషయంలోనూ ఇదే న్యాయం. నగరం ఒక చివర బండి ఉన్న రోజున రెండో చివరి చదువరికి ఉత్తరం వెళ్లడం అనవసరం. జాబితాను పేరు, వయసు, కొనుగోలు చరిత్రల ప్రకారం విభజించమని వ్యాపారబోధన చెబుతుంది. ట్రక్కుకు కావలసిన విభజన ఒక్కటే: పనిచేసే చోటు ఏది? ఆ ఒక్క ప్రశ్న అడిగితే తక్కిన వివరాలు సేకరించే పని తప్పుతుంది. చదువరి గోప్యతకూ అది మేలు.

7. యోగ్యత: రాయితీ అనే అలంకారం

ఫుడ్ ట్రక్కులకు ఇచ్చే సలహాల్లో తరచుగా కనిపించేది రాయితీ కూపను. 'ఈ ఉత్తరం చూపిస్తే పది శాతం తగ్గింపు' అన్నది దాని సాధారణ రూపం. ఇది ఎవరికి ఉపకారం? కొనుగోలు ముఖాముఖిగా జరుగుతుంది కనుక, వచ్చినవాడు ఉత్తరం చూసి వచ్చాడో దారినపోతూ వచ్చాడో యజమానికి తెలియదు. కూపను చూపించినప్పుడే తెలుస్తుంది. కనుక రాయితీ బహుమతి వేషంలో ఉన్న కొలబద్ద. కొలవడానికి అయ్యే ఖర్చును యజమాని తన లాభంలోంచి చెల్లిస్తున్నాడు.

అంతకన్న ముఖ్యమైన అభ్యంతరం వంటగది పరిమాణానికి సంబంధించినది. ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. నిమిషానికి ఒక ప్లేటు చొప్పున ఇవ్వగల ట్రక్కు, రెండు గంటల మధ్యాహ్న వేళలో ఇవ్వగలిగేది 120 ప్లేట్లు. జాబితాలో 2,000 పేర్లున్నాయనుకుందాం. రాయితీ చూసి అందులో పదోవంతు వస్తే 200 మంది. దారినపోయేవారిని లెక్కలోకి తీసుకోకపోయినా 80 మంది తినకుండా వెనుదిరుగుతారు. తిన్న 120 మంది తక్కువ ధరకు తింటారు. ప్రకటన 'విజయం' వ్యాపారానికి రెండు విధాలా నష్టం తెచ్చింది. హోటలుకు ఖాళీ బల్లలు సమస్య. ట్రక్కుకు పన్నెండున్నర గంటల వరుస సమస్య. ఒకదాని మందును మరొకదానికి పోయడం నిప్పుతో తడపడం వంటిదే.

ట్రక్కుకు పొసగే అభ్యర్థనలు వేరే ఉన్నాయి. వరుస తగ్గించడానికి ముందస్తు ఆర్డర్లు. పన్నెండున్నరకు బదులు పదకొండున్నరకో ఒకటిన్నరకో రమ్మనడం. అన్నిటికన్న ముఖ్యంగా కార్యాలయాల విందులు, పుట్టినరోజులు, పెళ్లిళ్లకు బండిని కుదుర్చుకొమ్మని అడగడం. ముందుగా కుదిరిన విందులో ఎంతమందో, ఎక్కడో, ఎప్పుడో తెలుసు. పదార్థాలు వృథా కావు. ఇటువంటి నిర్ణయం నిదానంగా, నలుగురితో సంప్రదించి జరుగుతుంది. దాచుకొని మళ్లీ చదవగల ఈమెయిల్ అందుకు సరిగ్గా సరిపోతుంది. ఆలస్యంగా చదవబడటం అనే దాని దోషమే ఇక్కడ గుణమవుతుంది.

8. చిరునామా, జాబితా: ఎవరి సొత్తు?

క్యాన్-స్పామ్ చట్టం ప్రతి వ్యాపార ఈమెయిల్‌లోనూ పంపినవారి చెల్లుబాటయ్యే తపాలా చిరునామా ఉండాలంటుంది. ఒకచోట నిలవని దుకాణం అడుగున స్థిరమైన చిరునామా రాయవలసి రావడం గమనార్హం. తపాలా పెట్టెతో ఆ నియమం తీరుతుంది. కాలిఫోర్నియాలో ఫుడ్ ట్రక్కులు 'కమిసరీ' అనే ఉమ్మడి వంట, నిల్వ, శుభ్రత కేంద్రంతో అనుబంధంగా నడవాలి. పనిచేసే ప్రతి రోజూ అక్కడికి చేరాలి. కాబట్టి కదిలే దుకాణానికీ ఒక స్థావరముంది. కాని ఆ చిరునామాకు వెళ్తే తిండి దొరకదు. చట్టానికి కావలసిన చిరునామా, ఆకలికి కావలసిన చిరునామా ఒకే ఉత్తరంలో పైనా కిందా ఉంటాయి. పై చిరునామా ప్రముఖంగా కనిపించేలా రాయడం రచయిత బాధ్యత.

ఈమెయిల్‌ను సమర్థించేవారి బలమైన వాదం ఇది: సామాజిక మాధ్యమంలోని అనుచరులు ఆ సంస్థ సొత్తు, ఈమెయిల్ జాబితా మీ సొత్తు. ఈ వాదంలో నిజముంది. ఈమెయిల్‌ను చేరవేసే ఎస్‌ఎంటీపీ నియమావళి 1982 నుంచి బహిరంగ ప్రమాణం. అది ఏ ఒక్క సంస్థదీ కాదు. ట్విట్టర్ 2023లో తన పేరు మార్చుకుంది, తన సమాచారాన్ని బయటి అనువర్తనాలు ఉచితంగా వాడుకునే వీలును తగ్గించింది. అటువంటి నిర్ణయాల ముందు చిన్న వ్యాపారి నిస్సహాయుడు. జాబితా ఉన్నవాడు సేవాసంస్థ నచ్చకపోతే పేర్లు తీసుకొని మరొకచోటికి పోగలడు.

అయితే సొత్తు అన్న మాటను రెండు వైపులనుంచి పరీక్షించాలి. మొదటిది: జీమెయిల్ 2013లోనే ప్రకటనలను వేరే అరలోకి మళ్లించింది. 2024 ఫిబ్రవరి నుంచి, తన ఖాతాలకు రోజుకు 5,000 పైబడి ఉత్తరాలు పంపేవారు ప్రామాణీకరణ చేసుకోవాలని, ఒక్క నొక్కుతో వద్దనే వీలు ఇవ్వాలని, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి లోపు ఉండాలని కోరుతున్నది. అంటే వెయ్యికి మూడు. తలుపు తాళంచెవి ఇంకా పెద్ద సంస్థల చేతిలోనే ఉన్నది. రెండవది, ఇంతకన్న మౌలికమైనది: పేర్లు ఆ పేర్లుగలవారివి. వారు ఇచ్చినది ఒక నిర్దిష్టమైన పనికి అనుమతి. వ్యాపారం అమ్ముడుపోయినప్పుడు బండితోపాటు జాబితాను కూడా అమ్మేయవచ్చన్న ఆలోచన ఈ 'సొత్తు' అన్న మాటలోంచే పుడుతుంది. అది అప్పగింత అనుకుంటే ఆ ఆలోచన రాదు.

9. 'చెఫ్' చిత్రం: కథనంలోని మౌనాలు

ఫుడ్ ట్రక్కునూ డిజిటల్ ప్రకటననూ కలిపి చెప్పిన ప్రసిద్ధ కథనం జాన్ ఫావ్‌రో రచించి, దర్శకత్వం వహించి, నటించిన 2014 నాటి 'చెఫ్' చిత్రం. రాయ్ చోయ్ దానికి వంట విషయాల్లో మార్గదర్శకుడు. ఉద్యోగం పోయిన వంటమాస్టరు మయామీలో పాత ట్రక్కు సంపాదించి, న్యూ ఆర్లియన్స్, ఆస్టిన్ మీదుగా లాస్ ఏంజెలెస్ చేరతాడు. బండి ఎక్కడుందో పదేళ్ల కొడుకు ట్విట్టర్‌లో చెబుతుంటాడు. ప్రతి ఊళ్లోనూ జనం సిద్ధంగా ఉంటారు.

ప్రకటన అనే శ్రమను ఈ చిత్రం పిల్లవాడి ఆటగా చూపింది. తండ్రీకొడుకుల అనుబంధానికి అది అందమైన సాధనమే. కాని నిజమైన ట్రక్కులో వారపు పట్టిక తయారుచేయడం, మార్పులు చెప్పడం, జవాబులివ్వడం - ఇవన్నీ వంట, శుభ్రత, డ్రైవింగు ముగిశాక అదే మనుషులు రాత్రిపూట చేసే లెక్కకు రాని పని. చిత్రంలో ఈ అలసట లేదు. బండి నిలిపే చోటు కోసం పెనుగులాట ఒకటి రెండు చోట్ల హాస్యంగా వచ్చి తొలగిపోతుంది. చివరకు కథానాయకుడి విజయం ట్రక్కులో కూడా నిలవదు; ఒకప్పుడు అతణ్ణి విమర్శించిన వ్యక్తి పెట్టుబడితో స్థిరమైన హోటలుగా మారుతుంది. కదిలే దుకాణాన్ని కీర్తించిన కథ స్థలంలోనే ముక్తిని వెతుక్కోవడం, స్థలమే అసలు సమస్య అన్న వాస్తవానికి దాని అనుద్దేశిత సాక్ష్యం.

10. తెలుగు సందర్భం

భారతదేశంలో 2014 నాటి వీధి విక్రేతల చట్టం స్థిర విక్రేతలనూ సంచార విక్రేతలనూ వేర్వేరుగా గుర్తించింది. ఇక్కడి వీధి వ్యాపారి చదువరులతో సంబంధానికి వాడే సాధనం ఈమెయిల్ కాదు. ఫోన్ నంబరు, వాట్సాప్. అమెరికాలో దోసెలు, బిర్యానీ అమ్మే తెలుగువారి బండ్లకు కూడా ఊరి తెలుగువారి వాట్సాప్ సమూహాలు ఈమెయిల్ కన్న దగ్గరి దారి. సాధనం మారినా ఆకాంక్ష, యోగ్యత, సన్నిధుల ప్రశ్న మారదు. సమూహంలో పెట్టిన ప్రకటన అడగనివారికి చాటింపే.

జాబితా లేని ప్రచారం ఏం చేస్తుందో హైదరాబాదు చూసింది. మాదాపూర్ ప్రాంతంలోని ఒక చిన్న భోజనపు దుకాణం వీడియోల వల్ల విపరీతంగా ప్రచారం పొందింది. వచ్చిన జనంతో ట్రాఫిక్ స్తంభించడంతో 2024 జనవరిలో పోలీసులు దానిని అక్కడినుంచి తొలగించబూనారు. ముఖ్యమంత్రి జోక్యంతో అది కొనసాగింది. ఆ వీడియోలు తీసినవారికి లాభించినది వీక్షణల సంఖ్య. ఇబ్బందిపడినది దుకాణం ఉన్న చోటు. ఎంతమందికి వండగలమో అంతమందికే చెప్పగల వీలు ఆ ప్రచారంలో అమ్మకందారు చేతిలో లేదు. చిన్న వ్యాపారికి కావలసినది విస్తృతి కాదు, తన గిన్నెకు తగిన కొలత అని ఈ ఉదంతం చెబుతున్నది.

11. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ఫుడ్ ట్రక్కు ఈమెయిల్ జాబితా స్థిరమైన చోటుకు ప్రత్యామ్నాయం. రోజూ ఒకే మూలన నిలిచే బండ్లకు అది అనివార్యం కాదు.

2. ప్రకటన సిద్ధాంతం వ్యక్తిగతత్వానికి ఇచ్చిన ప్రాధాన్యం ఈ వ్యాపారంలో సన్నిధికి చెందాలి. పేరుతో పలకరించడం కన్న చోటు, వేళ సరిగా చెప్పడం మేలు.

3. ఈమెయిల్‌కు తగినవి వారపు పట్టిక, విందుల అభ్యర్థన. తక్షణ మార్పులకు వేరే సాధనం కావాలి.

4. రాయితీ కూపను చాలావరకు కొలిచే సాధనం. వంటగది శక్తిని మించి జనాన్ని రప్పిస్తే అది అయోగ్యం.

5. చిరునామాల జాబితా వ్యాపారి సొత్తు కాదు, చదువరుల అప్పగింత.

చాటింపుకు గొంతు చాలు. పిలుపుకు బంధుత్వం కావాలి. కబురు చెప్పేవాడికి కావలసినది విశ్వసనీయత: చెప్పిన చోట, చెప్పిన వేళకు, చెప్పినది ఉండటం. ఈ మూడూ పాటించిన ట్రక్కు పంపే ఉత్తరంలో విశేషణాలు లేకపోయినా చదువరి దానికోసం ఎదురుచూస్తాడు. పాటించని ట్రక్కుకు ఎంత చమత్కారమైన సబ్జెక్టు లైను రాసిపెట్టినా, అరగంట విరామంలో ఖాళీ వీధి చూసి తిరిగివెళ్లిన మనిషి దానిని రెండోసారి నమ్మడు.